బోర్డు పోయిందండీ!

వైశాఖం వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ మా విశాఖపట్నం మీద ఒక గాలివానని విసిరేసి పోయింది. పెద్ద తుఫానేం కాదు లెండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ని కళ్ళారా చూసినవాళ్ళం, ముప్పావుగంట గాలివానకి బెదురుతామా? కిటికీలు మూసుకున్నాం. కరెంటు పోయేముందు ఒక్క క్షణం బల్బులన్నీ పెళ్ళిపందిట్లో దీపాల్లా భగ్గుమని వెలిగి ఆరిపోయాయి. కొవ్వొత్తి వెలిగించుకుని కబుర్లు చెప్పుకుంటూ పడుకున్నాం. తెల్లవారి చూస్తే వీధి మలుపులో చెట్టుకొమ్మ ఒకటి కరెంటు తీగల మీద పడి ఉంది. మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. టీవీ మాత్రం రాలేదు. దాని అంచున ఎప్పుడూ వెలుగుతూ ఉండే ఆ చిన్న ఎర్రలైటు కూడా వెలగలేదు.

"పోతే పోయింది, నాలుగు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అనుకున్నాను మనసులో. కానీ ఆ టీవీ నాది కాదు. మా అత్తగారిది. 2018లో మా మామగారు తన పెన్షను డబ్బుతో, మా ఎవ్వరి దగ్గరా రూపాయి పుచ్చుకోకుండా ఆవిడ కోసం కొన్నారు. మరుసటేడు ఆయన పోయారు. మోకాళ్ళ నొప్పులతో గుమ్మం దాటలేని మనిషికి పొద్దున్న భక్తి కార్యక్రమం, సాయంత్రం సీరియలు, మధ్యలో వంటలు, అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఆవిడ ఏమీ అనలేదు. నల్లగా ఉన్న తెరకేసి చూస్తూ కూర్చున్నారు. ఏమీ అనని అత్తగారిని భరించడం ఎంత కష్టమో కోడళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

కంపెనీకి ఫోను చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, వేచి ఉండండి, మీ కాలు మాకు ఎంతో విలువైనది! ఆ విలువ 590 రూపాయలని మూడో రోజు కుర్రాడొచ్చాక తెలిసింది. అది వచ్చినందుకు మాత్రమే. గుమ్మంలో అడుగుపెడుతూనే అతనడిగిన మొదటి ప్రశ్న: "సార్ లేరా మేడమ్?"

"ఆఫీసుకి వెళ్ళారు. నాతో చెప్పు బాబూ."

"టెక్నికల్ విషయం మేడమ్. సార్‌కైతే అర్థమవుతుందని..."

మా వారి సంగతి ఈ కుర్రాడికేం తెలుసు? ట్యూబులైటు మార్చడానికి ఎలక్ట్రీషియన్ని పిలిచే మహానుభావుడాయన. నేను బి.ఏ. తెలుగు చదువుకున్నదాన్నే, ఒప్పుకుంటాను. కానీ మిక్సీ ఎందుకు ఆగిందో, గీజరు ఎందుకు కొట్టిందో, మోటారు ఎందుకు నీళ్ళు ఎక్కించడం లేదో ఈ ఇంట్లో పాతికేళ్ళుగా కనిపెడుతున్నది ఎవరట?

కుర్రాడు వెనక అట్ట తీశాడు. మీటరు రెండుచోట్ల ఆనించాడు. నాలుగు నిమిషాలు పట్టిందేమో. "పవర్ బోర్డు పోయింది మేడమ్" అన్నాడు.

"బోర్డులో ఏం పోయింది?"

"బోర్డే పోయింది."

"అది కాదు నాయనా, దాని మీద ఇన్ని సామాన్లున్నాయి కదా. అన్నీ ఒక్కసారే పోవుగా?"

"అవన్నీ మేం చూడం మేడమ్. బోర్డు మార్చడమే. కొత్త బోర్డు 4,800. కానీ ఈ మోడల్ ఆపేశారు, స్టాకు లేదు, రాదు కూడా. ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేయండి, కొత్తదాన్లో 1,500 తగ్గిస్తారు. పాతదైపోయింది కదా మేడమ్, పార్టులు దొరకవు."

అంతసేపూ మాట్లాడని మా అత్తగారు అప్పుడు నోరు విప్పారు. "నా మోకాళ్ళకీ పార్టులు దొరకవుటమ్మా. నన్ను కూడా అందులోనే వేసి ఇచ్చేయ్. ఇంకో అయిదొందలు తగ్గిస్తారేమో అడుగు."

కుర్రాడు తలొంచుకున్నాడు. అతన్నేమీ అనను నేను. అతనికి నేర్పింది అంతే, రోజుకి ఇన్ని ఇళ్ళు తిరిగి రమ్మన్నారు, తిరుగుతున్నాడు. నా పోట్లాటంతా ఆ మాటతోనే. "బోర్డు పోయిందండీ" అన్న మాట ఉందే, అది రోగం పేరు కాదు. "మేం చూడం" అని చెప్పడానికి కంపెనీలు కనిపెట్టిన మర్యాద భాష. కడుపునొప్పి అని వెళితే వైద్యుడు చెయ్యి కూడా పట్టి చూడకుండా "ఒళ్ళు పోయిందండీ" అంటే ఊరుకుంటామా?

సాయంత్రం ఇంట్లో మా వారూ, మా అబ్బాయీ చేరి కొత్త టీవీకి నెలకి ఎంత కట్టాలో లెక్క వేసేస్తున్నారు. నేను మర్నాడు పొద్దున్నే ఒక ఆటో మాట్లాడుకుని, టీవీని దుప్పట్లో చుట్టుకుని, మార్కెట్టు వెనక సందులో ఉన్న పాత రిపేరు కొట్టుకి తీసుకెళ్ళాను. అరవై దాటిన మనిషి. హుద్‌హుద్ తరవాత ఆ సందులో టీవీలు పేర్చడానికి చోటు లేక ఫుట్‌పాత్ మీద గోనెపట్టాలు కప్పి ఉంచాడని చెప్పుకునేవారు. ఇప్పుడు కొట్లో ఆరేడు సెట్లు మాత్రం ఉన్నాయి.

"బాబాయిగారూ, బోర్డు పోయిందట" అన్నాను.

"బోర్డు ఎక్కడికి పోద్దమ్మా, ఇక్కడే ఉంటే" అని నవ్వి, బోర్డు ఊడదీసి బల్లమీద పెట్టి, నన్ను స్టూలు మీద కూచోబెట్టి చూపించాడు. ఆయన "సార్ లేరా" అని అడగలేదు.

నాకు అర్థమైనంతలో మీకూ చెబుతాను. కష్టమేం కాదు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటు ముందు ఒక ఫ్యూజులోంచి వెళుతుంది. ఆ పక్కనే చింతగింజంత రంగుబిళ్ళ ఒకటి ఉంటుంది, దాన్ని వేరిస్టరు అంటారు. అది వాకిట్లో కాపలావాడు. మామూలు వోల్టేజీకి కునుకు తీస్తూ ఉంటుంది. వోల్టేజీ హద్దు మీరిందా, కన్ను మూసి తెరిచేలోగా ఆ పోటునంతా తన మీదకి లాక్కుంటుంది. పోటు పెద్దదైతే తాను కాలిపోయి, ఫ్యూజుని కూడా ఎగరగొట్టి, లోపలివాళ్ళని కాపాడుతుంది. వాటి వెనక కరెంటుని ఒకే దిక్కుకి మళ్ళించే డయోడ్లు, దాన్ని నిలవ చేసే పెద్ద కెపాసిటరు, ఆ తరవాత దాన్ని టీవీకి కావలసినంతగా తగ్గించి పంచిపెట్టే ఐ.సి., ట్రాన్స్‌ఫార్మరు. ఇంతే సంసారం.

ఆ రాత్రి బల్బులెందుకు భగ్గుమన్నాయో కూడా ఆయనే చెప్పాడు. వీధిలోకి మూడు ఫేజులూ ఒక న్యూట్రలూ వస్తాయట. కొమ్మ పడి న్యూట్రలు తెగితే 230 రావలసిన ఇళ్ళలోకి 300, 350, ఒక్కోసారి 400 దాకా దూసుకొస్తుందట. పిడుగు పడక్కర్లేదు, ఒక్క తీగ తెగితే చాలు. మా ఫ్రిజ్‌ని స్టెబిలైజరు కాపాడింది. టీవీకి ఆ భాగ్యం లేదు.

"వేరిస్టరు పేలిపోయింది, ఫ్యూజు పోయింది, డయోడ్లు షార్టయ్యాయి, ఇదిగో ఈ కెపాసిటరు చూడండి, పూరీలా ఉబ్బిపోయింది. ఐ.సి. కూడా పోయినట్టే ఉంది. ఇల్లు కాలలేదమ్మా, ద్వారబంధం కాలింది" అన్నాడు.

మరి ద్వారబంధం కాలితే ఇల్లు అమ్ముకోమని చెప్పిన పెద్దమనుషుల్ని ఏమనాలి?

ఇక్కడే అసలు కథ. మిగతా సామాన్లన్నీ ఆయన సొరుగుల్లో ఉన్నాయి. ఐ.సి. దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. భూతద్దం పెట్టి నాకూ చూపించాడు. దాని నెత్తిమీద ఉండవలసిన నంబరుని ఎవరో శుభ్రంగా గీకేశారు! తయారైన చోటే గీకేస్తారట. ఏ ఐ.సి.యో తెలిస్తే బజార్లో కొనుక్కుని ఎవరైనా వేసేస్తారని. మందుసీసా మీద చీటీ చింపేసి, "మందు అయిపోతే మనిషినే మార్చండి" అన్నట్టుంది కదూ? ఆయన దాని కాళ్ళు ఏది ఎక్కడికి వెళుతోందో వెతికి, స్క్రీను పగిలి ఎవరో వదిలేసిన టీవీల బోర్డులు మూడు ముందేసుకుని, పోల్చి, తూచి, ఒకదాన్లోంచి ఆ ఐ.సి. తీసి దీనికి వేశాడు. రెండు రోజులు పట్టింది.

పరీక్ష నా ఎదురుగానే చేశాడు. పాతకాలం వంద వాట్ల గుండుబల్బు ఒకటి మధ్యలో కట్టి, దానిగుండా బోర్డుకి కరెంటు ఇచ్చాడు. లోపల ఇంకా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, బోర్డు కాలకుండా బతుకుతుంది. బాగుంటే ఒక్కసారి మెరిసి తగ్గిపోతుంది. లక్షల మీటర్లు చెయ్యలేని పని పదిరూపాయల బల్బు చేస్తుందన్నమాట! మెరిసింది. తగ్గింది. ఆ వెంటనే టీవీ అంచున ఎర్రలైటు వెలిగింది. నిజం చెప్పొద్దూ, నా నవల అచ్చులో చూసుకున్నప్పుడు కూడా అంత సంబరం కలగలేదు.

సామానుకీ కూలికీ కలిపి 750 రూపాయలు పుచ్చుకున్నాడు. "ఈ పని మీ అబ్బాయికి నేర్పారా?" అని అడిగాను. "లేదమ్మా. వాడు పార్సిళ్ళు పంచుతాడు. పనిలేక కాదు తల్లీ. డయాగ్రం ఇవ్వరు, నంబరు ఉంచరు, సామాను అమ్మరు. కళ్ళకి గంతలు కట్టి సూదిలో దారం ఎక్కించమంటే ఎంతకాలం ఎక్కిస్తాం?" అన్నాడు.

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. మా నాన్నగారి పాత రేడియో వెనక అట్ట లోపలివైపు దాని వైర్ల పటం అంటించి ఉండేది. చిన్నప్పుడు అదేదో ఊరి మ్యాపు అనుకునేదాన్ని. రేడియో అమ్మినవాడు పటం కూడా ఇచ్చాడంటే అర్థమేమిటి? "ఈ వస్తువు ఇక నీది, చెడితే నీకు నచ్చినవాడి చేత బాగుచేయించుకో" అని. టీవీలు మనకి కొత్త కాదు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది, హైదరాబాదులోనే ఇ.సి.ఐ.ఎల్. వారు టీవీలు తయారుచేసి అమ్మారు. ఊరికో నలుగురు మెకానిక్కులు బతికారు. వీధిలోకి బిందెలకి మాట్లు వేసేవాడు, గొడుగులు బాగుచేసేవాడు వచ్చిన జాతి మనది. మాటు వేసిన బిందెతో నీళ్ళు మోస్తే మన పరువేం పోలేదు. ఇప్పుడు వస్తువుకి డబ్బు మనం కడుతున్నాం, దాని ఆయుష్షు మాత్రం ఇంకెవరో రాస్తున్నారు.

కంపెనీలవాళ్ళు చెప్పే జవాబులు నాకు తెలియనివి కావు.

మొదటిది, ప్రమాదమట. నిజమే. ఆ పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకి పైగా నిలవ ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కొంతసేపు అలాగే ఉండొచ్చు. కాబట్టి నా వ్యాసం చదివి ఎవరూ స్క్రూడ్రైవరు పట్టుకుని బయల్దేరకండి. కానీ తెలియనివాడికి ప్రమాదమని తెలిసినవాడికి కూడా పటం ఇవ్వననడం ఏం న్యాయం? పటం లేకుండా తడుముకుంటూ చేస్తే ప్రమాదం తగ్గుతుందా, పెరుగుతుందా?

రెండోది, కూర్చుని ఒక్కొక్క సామానూ వెతికితే కూలి గిట్టదట, బోర్డు మార్చడమే చవకట. సరే, మార్చండి బాబూ! అయితే బోర్డు ఉంచాలి కదా? మార్చడమే మా పద్ధతి అంటారు, మార్చడానికి లేదంటారు. అత్త కొట్టినందుకు కాదు గాని తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, నాకు చెడిపోయినందుకు కోపం లేదు, ఈ రెండు నాల్కల మాటకే కోపం.

మూడోది, సందుల్లో మెకానిక్కులు సరిగ్గా చెయ్యరట. ఇందులోనూ కొంత నిజం ఉంది, దాచను. ఫ్యూజు పోతే ఫ్యూజు వెయ్యకుండా రాగితీగ చుట్టి పంపించేవాళ్ళని చూశాను. వేరిస్టరు పేలితే దాన్ని పీకేసి ఖాళీగా వదిలేసేవాళ్ళున్నారు. టీవీ వస్తుంది, మనం సంతోషిస్తాం, మళ్ళీ గాలివానకి కాపలావాడు లేని ఇల్లు నిలువునా తగలడుతుంది. అలాంటివాళ్ళని నేను వెనకేసుకురాను. కానీ దానికి మందు నేర్పడమూ, అసలు సామాను అందుబాటులో ఉంచడమూనా, లేక కొట్టే మూయించడమా? ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్న తెలివి ఇది.

ఇదంతా చాదస్తం, లోకంలో ఎక్కడా జరగదు అనుకునేరు. ఐరోపా యూనియన్ దేశాల్లో 2021 మార్చి నుంచి ఒక నిబంధన ఉంది. ఒక టీవీ మోడల్‌లో ఆఖరి సెట్టు మార్కెట్లోకి వచ్చాక కూడా కనీసం 7 ఏళ్ళ పాటు దాని విడిభాగాలు కొన్ని మెకానిక్కులకి దొరికేలా కంపెనీ చూడాలి. ఆ జాబితాలో లోపలి పవర్ సప్లై ఉంది, కెపాసిటర్లు ఉన్నాయి. అంటే మా టీవీలో పోయినవే! ఫ్రాన్సులో 2021 నుంచి టీవీ ఎంత సులువుగా రిపేరవుతుందో 10కి ఇన్ని మార్కులని దాని మీదే రాసి అమ్మారు. 2025లో ఆ మార్కుల్లో మన్నికని కూడా చేర్చారు. అక్కడా ఇక్కడా టీవీలు అమ్మే పెద్ద పెద్ద పేర్లు చాలావరకు ఒకటే. అక్కడ చెయ్యగలిగింది ఇక్కడ ఎందుకు చెయ్యలేరు? గాలివానలు మనకి తక్కువా, డబ్బు మనకి ఎక్కువా?

మన ప్రభుత్వం ఊరుకుందని కాదు. కేంద్రంలో వినియోగదారుల వ్యవహారాల శాఖవారు 2022 జులైలో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేశారు. ఆ ఏడు డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచారు. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలు, అన్నీ అందులో చేర్చారు. మంచిదే. కానీ పోర్టల్ అంటే సమాచారం రాసిపెట్టే పలక. పలక మీద "బోర్డు లేదు" అని రాసినా అది సమాచారమే! మనకి కావలసింది కంపెనీ దయాదాక్షిణ్యం కాదు, ఇన్నేళ్ళు పార్టులు ఇచ్చి తీరాలి, పటం ఇచ్చి తీరాలి, నంబరు గీకకూడదు అనే ముక్కుసూటి నియమం.

నేను నవలలు రాసుకునేదాన్ని. నా పుస్తకంలో ఒక పేజీలో అచ్చుతప్పు పడితే, "పుస్తకం పోయిందండీ, తగలబెట్టి కొత్త నవల కొనుక్కోండి" అని పాఠకులకి చెబితే మీరు నన్ను ఊళ్ళో ఉండనిస్తారా?

ఆడవాళ్ళం ఈ మాట ఎందుకు మాట్లాడాలని అడుగుతారేమో. ఎందుకంటే రిపేరుకి వచ్చినవాడికి తలుపు తీసేది మనం. "పాతదైపోయింది" అన్న మాట మొదట వినేదీ మనం. ఆ వాయిదాలు కట్టడానికి నెలసరి సరుకుల్లో కోత పెట్టేదీ మనమే. కనుక ఇకమీద కొనేటప్పుడే కొట్టువాణ్ణి అడుగుదాం: పార్టులు ఎన్నేళ్ళు దొరుకుతాయి? కాయితం మీద రాసిస్తారా? పవర్ బోర్డు విడిగా ఉందా, అన్నీ కలిపి ఒకే బోర్డా? బాగుచేసినప్పుడు పోయిన సామాన్లు చేతికిస్తారా? ఒక్కరు అడిగితే నవ్వుతాడు. పదిమంది అడిగితే పై ఆఫీసుకి ఫోను చేస్తాడు. మెకానిక్కునీ అడుగుదాం: ఫ్యూజు సరైనదే వేశావా, వేరిస్టరు మళ్ళీ పెట్టావా అని. అడగడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. బి.ఏ. తెలుగు చాలు.

ఇప్పుడు టీవీ పనిచేస్తోంది. దానికో స్టెబిలైజరు కూడా కొన్నాను. మబ్బు పట్టగానే ప్లగ్గు పీకడం మా అత్తగారు తన డ్యూటీగా పెట్టుకున్నారు. కాలిపోయిన ఆ వేరిస్టరుని బాబాయిగారు నా చేతిలో పెడితే తీసుకొచ్చి ఆవిడకి చూపించాను. నల్లగా, బొగ్గుముక్కలా ఉంది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత పిసరు కోసం మీ మామగారు కొన్న టీవీని ఎత్తుకుపోదామనుకున్నాడా వాడు?" అన్నారు.

వాడు కాదత్తయ్యా, వాణ్ణి పంపించినవాళ్ళు.